మా ఇంటి మరిగె ఎక్కడిది?



మేము చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు దిద్దింది రైల్వేలో గుమాస్తాగా చేరిన తరువాతే. రాసేదాంట్లో తప్పులుంటే పెద్దలు మన్నించి చదవాలి. ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాము. ఒక చెక్క గిన్నె సంగతి. గిన్నె చిన్నదే, దాని వెనక కథ పెద్దది.

పోయిన సంవత్సరం ఉగాదికి మన సంఘం హాలులో పాత సామాన్ల ప్రదర్శన పెట్టారు కదా. మీలో చాలామంది వచ్చారు. మా ఇంటి నుంచి మేము ఒక మరిగె తీసుకుపోయి ఇచ్చాము. మరిగె అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. ఒకే మాను ముక్కను తరిమెన మీద తిప్పి, లోపల తొలిచి చేసిన గుండ్రటి గిన్నె. మాది జానెడు వెడల్పు ఉంటుంది. బయట ఎర్ర లక్క పట్టీలు రెండు, నడుమ నల్ల పట్టీ ఒకటి. లోపల లక్క లేదు, వట్టి కర్ర. మా అవ్వ దాంట్లో చింతపండు వేసి పెట్టేది. మేము పుట్టినప్పటినుంచీ అది వంటింటి గూట్లోనే ఉంది.

ప్రదర్శనలో దాని ముందు ఒక అట్ట ముక్క పెట్టారు. "1529లో విశ్వనాథ నాయకుని వెంట వచ్చిన మన పూర్వీకులు తెలుగు దేశం నుంచి తెచ్చిన చెక్క గిన్నె" అని దాని మీద రాసి ఉంది. ఆ మాట రాయించింది మేమే. మా పెద్దనాయన చెప్పింది అదే, ఆయనకు వాళ్ళ నాయన చెప్పింది అదే. బండి కట్టుకుని దక్షిణానికి వస్తూ, ఒక కత్తి, ఒక దేవుడి పెట్టె, ఈ మరిగె తెచ్చారని మా ఇంట్లో కథ. కత్తి లేదు, పెట్టె లేదు, మరిగె మాత్రం ఉంది.

ఒక చిన్న పిల్ల వచ్చి చాలాసేపు చూసి అడిగింది. "తాతా, చింతపండు వేసిన చెక్క ఐదు వందల సంవత్సరాలు ఉంటుందా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. మేమూ నవ్వాము. ఇంటికి వచ్చాక నవ్వు రాలేదు. ముప్పై ఏండ్లకు పైగా పార్సెల్ ఆఫీసులో కూర్చుని, ఏ సరుకు ఎక్కడినుంచి వచ్చింది, ఎక్కడికి పోతుంది అని చీటీ రాసిన చేతులు మావి. మా ఇంట్లో ఉన్న సరుకు ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం చూడకుండానే చీటీ రాసేశాము.

ముందు మరిగె ఎందుకు చెక్కతోనే చేసేవారో చెప్పాలి. ఉప్పు, చింతపండు, ఊరగాయ ఈ మూడూ లోహానికి పడవు. ఇత్తడి గిన్నెలో చింతపండు పెడితే చిలుము పట్టి విషమవుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. మట్టి పాత్ర బాగానే ఉంటుంది, కానీ చేయి జారితే అంతే. కర్రకు ఆ బాధ లేదు. అందుకే మన ఇళ్ళలోనూ, పక్కన తమిళుల ఇళ్ళలోనూ పులుపుకూ ఉప్పుకూ చెక్క గిన్నెలే. వాళ్ళు మరవై అంటారు, మనం మరిగె అంటాము. కన్నడంవాళ్ళు కూడా మరిగె అనే అంటారు. తమిళంలో మరం, కన్నడంలో మర, మన మ్రాను, మాను అన్నీ ఒకే వేరు మాటలు. అంటే కర్రతో గిన్నె చేసుకోవడం మనం ఈ నేలలు వేరుపడక ముందునుంచే తెలిసిన పని. ఆ మాట మీద ఎవరికీ ఒక్కరికే హక్కు లేదు.

మా ఉద్యోగం చాలాకాలం తిరునెల్వేలి నుంచి తెన్‌కాశి పోయే లైనులో. అప్పుడది మీటరు గేజి. 2012లో బ్రాడ్ గేజి వచ్చింది. ఆ లైనులో అంబాసముద్రం స్టేషన్ నుంచి వెదురు బుట్టల్లో ఎక్కే సరుకు మాకు బాగా గుర్తు. చొప్పు సామాను. పిల్లలు ఆడుకునే చిన్న పొయ్యి, కుండ, రోలు, రోకలి, తిరగలి, ఇడ్లీ పాత్ర, బిందె, అన్నీ చెక్కతో చేసి ఎరుపు, పసుపు, పచ్చ లక్క పూసినవి. మన ఆంధ్రంలో వీటినే లక్కపిడతలు అంటారు. పిడత అంటే చిన్న కుండ. తమిళంలో చెప్పు అంటే రాగి, చిన్న గుండ్రటి భరిణె అని అర్థం, అదే వాడుకలో చొప్పు అయింది. మనవాళ్ళ పేరులో పైన పూసిన లక్క ఉంది, వాళ్ళ పేరులో పాత్ర ఆకారం ఉంది. వస్తువు ఒకటే.

ఆ బుట్టలు తూకం వేసేటప్పుడు మాకెప్పుడూ మా మరిగె గుర్తుకు రాలేదు. ఇప్పుడు వచ్చింది. పట్టీలు అవే, మెరుపు అదే.

కాబట్టి ఉగాది అయిన నెలకు మేము మరిగెను తుండుగుడ్డలో చుట్టుకుని అంబాసముద్రం పక్కన వాగైకుళం పోయాము. కడైసల్ పట్టరైలు ఉన్న ఊరు అది. కడైసల్ అంటే తరిమెన పట్టడం. మా అవ్వ నోట తరిమెన అనే మాట విన్నాము. ఇప్పుడు మన ఇళ్ళలో కూడా లేత్ అనే అంటారు. ఒక పట్టరైలో పెద్దాయన ఉన్నారు, మాకంటే పెద్ద. "అణ్ణాచ్చి, ఇది ఏ కర్ర, ఎప్పటిది, చూసి చెప్పండి" అని తమిళంలో అడిగాము.

ఆయన గిన్నెను తలకిందులు చేసి అడుగు చూశారు. ఇరుసుకు బిగించిన గుర్తు మీద వేలు పెట్టి, "ఇది కరెంటు లేత్ పని కాదు, తాడు పని" అన్నారు. తరువాత మమ్మల్ని అడిగి, అడుగున కొసన చిన్న ఉలితో గోరంత గీకారు. పైన చింతపండుకూ పొగకూ నల్లబడిన కర్ర, లోపల పసుపుగా తేలింది. "మంజళ్ కడంబు" అన్నారు. తెలుగులో పసుపు కడిమి. పశ్చిమ కనుమల్లో పెద్ద మానుగా పెరుగుతుంది. నూలు పోగులాగా సన్నని పోచ, పగుళ్ళు తక్కువ, ఉలికి లొంగుతుంది. ఒకప్పుడు ఇక్కడి చొప్పు సామానుకు అదే పేరుపొందిన కర్ర.

"ఐదు వందల ఏండ్లదా?" అని అడిగాము.

ఆయన నవ్వలేదు. మర్యాదస్తుడు. "అరవైకి పైన, నూరుకు లోపల" అన్నారు.

తాడు పని అంటే ఏమిటో అక్కడే చెప్పించుకున్నాము. చాలామందికి తెలియదు కాబట్టి రాస్తున్నాము. రెండు గుంజల నడుమ ఇరుసు. ఇరుసుకు కర్ర ముక్క బిగిస్తారు. ఇరుసు చుట్టూ తాడు రెండు మూడు చుట్లు చుట్టి, రెండు కొసలూ ఒక మనిషి పట్టుకుని, ఒకసారి కుడిచేత్తో, ఒకసారి ఎడమచేత్తో లాగాలి. కర్ర ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతుంది. ఉలి పట్టినవాడివైపు తిరిగినప్పుడే కోత పడుతుంది. వెనక్కి తిరిగేటప్పుడు ఉలి ఎత్తి ఉంచాలి. అంటే లాగేవాళ్ళ శ్రమలో సగం మాత్రమే కోతకు వస్తుంది. బయట నునుపు చేశాక, ఒక కొస వదిలి, వంకీ ఉలితో లోపల తొలుస్తారు. అప్పుడు తాడు లాగే చేయి ఒకే తీరుగా ఉండాలి. కుదుపు వచ్చిందంటే గిన్నె చీలుతుంది.

"తాడు ఎవరు లాగేవారు?" అని మా ఇంటావిడ అడిగింది.

"మా అమ్మ" అన్నారు ఆయన. "గిన్నె మా నాయన చేశాడని అంటారు. సగం అమ్మ చేసింది."

లక్క పూయడం కూడా తిరుగుడులోనే. లక్కను రంగుతో కలిపి కాచి, పాకం సాగదీసినట్టు సాగదీసి, కడ్డీలు చేసుకుంటారు. తిరిగే కర్రకు కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. కుంచె లేదు, నూనె పెయింటూ లేదు. పైన మొగలి ఆకు మడిచి ఒత్తితే మెరుపు వస్తుంది. తమిళంలో దాన్నే తాళై అంటారు. మా మరిగె మీద ఎర్ర పట్టీ ఇంత కాలానికీ రాలిపోలేదంటే, అది పైన వేసిన రంగు కాక, వేడిలో కర్రకు పట్టిన లక్క కాబట్టి.

ఇంటికి వచ్చాక మా మనసు ఒప్పుకోలేదు. పసుపు కడిమి ఆంధ్రంలోనూ ఉంది కదా, అక్కడే చేసి ఉండొచ్చు కదా అని ఒక ఆశ. నూరేండ్ల లోపల అన్నా, ఎవరో బంధువులు అక్కడినుంచి తెచ్చి ఉండొచ్చు కదా అని ఇంకొక ఆశ. రిటైరైన వాళ్ళకు రైలు పాస్ ఉంది, కాలం ఉంది. ఏటికొప్పాక పోయి చూద్దామని బయలుదేరాము.

ఏటికొప్పాక ఇప్పటి అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది. మద్రాసు నుంచి హౌరా పోయే లైనులో ఎలమంచిలి స్టేషన్లో దిగాము. 2025 గణతంత్ర దినం నాడు ఢిల్లీలో ఆంధ్ర ప్రదేశ్ శకటం మీద పోయింది ఈ ఊరి బొమ్మలే, మీరు టీవీలో చూసి ఉంటారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రసాయన రంగులు వదిలి చెట్టు రంగులకు మళ్ళించడానికి కష్టపడిన ఆ ఊరి సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. పసుపు కొమ్ము నుంచి పసుపు రంగు, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలిమందు నుంచి నీలం. ఇవి కలిపితే మిగతావి. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మ కాబట్టి రంగు ఏమిటన్నది చిన్న విషయం కాదు.

అక్కడ చేసేవాళ్ళ చేతికి మా మరిగె ఇచ్చాము. ఎత్తి చూడగానే "బరువుగా ఉందండీ, మాది కాదు" అన్నారు. వాళ్ళ కర్ర అంకుడు. అంకుడు కర్ర తెల్లగా, తేలికగా, మెత్తగా ఉంటుంది. వాళ్ళు చేసిన గిన్నె ఒకటి పక్కన పెట్టి చూపించారు. చేతిలో ఉన్నట్టే తెలియదు. మాది రాయిలాగా ఉంది.

అంకుడు చెట్టు గురించి నాలుగు మాటలు చెప్పకుండా ముందుకు పోలేము. ఆకు తుంచితే పాలు కారుతాయి. అందుకే చాలా భాషల్లో పేరులో పాలు ఉంది. తమిళంలో వెట్పాలై, కన్నడంలో హాలె మర. తెలుగులో అంకుడు అనేకాక తెడ్లపాల అని ఇంకొక పేరు. తెడ్లు చేసే పాల చెట్టు అని ఆ పేరే చెబుతుంది. ఏ తాత పెట్టాడో, చెట్టును చూసి తెడ్డును చూశాడు. మన తమిళనాడులో సోరియాసిస్ అనే చర్మరోగానికి వెట్పాలై ఆకు కొబ్బరినూనెలో వేసి ఎండలో పెడతారు, నూనె ఊదా రంగు తిరుగుతుంది. ఆ రంగు ఊరికే రాదు. ఆ ఆకులో నీలిమందు ఉంది. సామర్లకోటలో కుంఫిణీ తోట చూసిన డాక్టరు విలియం రాక్స్‌బర్గ్ ఈ ఆకు నుంచి నీలిమందు తీయవచ్చని 1790ల నాటికే పరీక్షలు చేశాడు. ఈ చెట్టు శాస్త్రనామంలో టింక్టోరియా అనే మాటకు రంగులద్దే అని అర్థం. ఇంత పని చేసే చెట్టు మన పొలాల గట్ల మీద, గుట్టల మీద ఊరికే పెరుగుతుంది. కొమ్మలు కొట్టినా మొదలు నుంచి మళ్ళీ చిగురు వేస్తుంది. మొదలు మిగిల్చి కొమ్మ కొట్టే పద్ధతి ఉన్నంతకాలం కర్రకు కరువు రాదు.

తిరుగు ప్రయాణంలో బెంగుళూరులో మా మరదలు ఇంట్లో రెండు రోజులు ఉండి, మైసూరు లైనులో చెన్నపట్నం కూడా పోయాము. అక్కడి బొమ్మలకు టిప్పు సుల్తాన్ ఆదరణ ఇచ్చాడని, పర్షియా పనివాళ్ళు నేర్పారని చెప్పుకుంటారు. పోయిన శతాబ్దం మొదట్లో బావాస్ మియాన్ అనే ఆయన జపాన్ పద్ధతులు తెలుసుకుని వచ్చి ఈ పనిని నిలబెట్టాడని ఆయన్ను తండ్రిలాగా తలుచుకుంటారు. అక్కడ కర్ర ఏమిటని చూస్తే, అదే హాలె మర. ఏటికొప్పాక అంకుడే. భాష వేరు, మతం వేరు, రాజు వేరు, ఇద్దరూ పట్టుకున్న చెట్టు ఒకటే. ఎందుకంటే రెండు ఊళ్ళ చుట్టూ పెరిగేది అదే.

ఇక్కడ మాకు ఒక విషయం తెలిసింది. రాజు ఆదరించవచ్చు, బయటివాడు వచ్చి నేర్పవచ్చు, కానీ పని నిలబడేది పక్కనున్న చెట్టు మీద. కొండపల్లివాళ్ళకు తెల్ల పొణికి దొరికింది, అది చెక్కడానికి మెత్తన, అందుకే వాళ్ళు చెక్కుతారు. అంకుడు దొరికిన చోట తిప్పుతారు. కనుమల కింద పసుపు కడిమి దొరికింది, అక్కడ బరువైన గిన్నె వచ్చింది. బండి మీద ఐదు వందల మైళ్ళు మోసుకు రావలసిన అవసరం మన పూర్వీకులకు లేదు. వచ్చిన చోట కర్ర ఉంది, చేసేవాళ్ళు ఉన్నారు.

ఇంత తిరిగి వచ్చాక, కోవిల్‌పట్టిలో మా మేనత్తను చూడడానికి పోయాము. ఆమెకు 88 ఏండ్లు. చెవులు మందం, జ్ఞాపకం మందం కాదు. మాటల్లో మరిగె సంగతి చెప్పాము. ఢిల్లీ శకటం దాకా అంతా విన్నాక ఆమె అన్నది:

"అది నేను ఏడేండ్ల పిల్లగా ఉన్నప్పుడు కొన్నది కదరా. ఆడి అమావాస్యకు సొరిముత్తు అయ్యనార్ గుడికి బండి కట్టుకుని పోయి, వచ్చేదారిలో అంబాసముద్రంలో మా అమ్మ కొనింది. యుద్ధం కాలం. ఇత్తడి కొనేట్టు లేదు, బియ్యానికే కంట్రోలు. మూడు కొనింది. పెద్దది ఉప్పుకు, నడిమిది చింతపండుకు, చిన్నది నాకు ఆడుకోవడానికి. చిన్నది నేనే పోగొట్టినాను. దెబ్బలు తిన్నాను."

"ఈ మాట ఇన్నాళ్ళూ చెప్పలేదేమత్తా?"

"నన్ను ఎవరడిగినారు?"

మూడు రాష్ట్రాలు తిరిగాము. జవాబు ఇంటికి గంట దూరంలో, మంచం మీద కూర్చుని ఉంది. మగవాళ్ళము కత్తి కథ, నాయకుల కథ చెప్పుకుంటూ ఉన్నాము. గిన్నె కొన్నది ఎవరో, వాడింది ఎవరో, తాడు లాగింది ఎవరో, వాళ్ళను ఎవరమూ అడగలేదు.

ఇప్పుడు కష్టమైన పని మిగిలింది. మా పెద్దనాయనకు చెప్పాలి. ఆయన ఆ మేనత్తకు తమ్ముడే, గిన్నె కొన్నప్పుడు చంకలో పిల్లవాడు. చెప్పాము. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "మన గొప్ప తగ్గించినావు" అన్నారు. ఆ మాట మాకు గుచ్చుకుంది. ఆయన బాధ మాకు అర్థం కాకపోలేదు. ఇంట్లో తెలుగు, బయట తమిళం, బడిలో తమిళం, ఆంధ్రం పోతే "మీ తెలుగు ఏమిటి ఇట్లా ఉంది" అని అడుగుతారు. మనం ఎక్కడివాళ్ళమని ఎవరైనా అడిగితే చూపించడానికి చేతిలో ఒక వస్తువు కావాలి. ఆయనకు ఆ వస్తువు మరిగె.

సంఘంలో కూడా ఒకరిద్దరు అన్నారు, "ఉన్నది ఉన్నట్టు ఉండనీ, ఎవరు వచ్చి గీకి చూస్తారు" అని. మేము ఒప్పుకోలేదు. మనవాళ్ళు నాయకుల కాలంలో వచ్చారనడానికి గిన్నె సాక్ష్యం అక్కరలేదు. మదురై నాయకుల చరిత్ర ఉంది, 72 పాళెయాలు ఉన్నాయి, మన ఊళ్ళ పేర్లు ఉన్నాయి, మన నోట తెలుగు ఉంది. అబద్ధపు సాక్ష్యం ఒకటి పెడితే నిజం సాక్ష్యాలను కూడా ఆ చిన్న పిల్ల నమ్మదు.

ఈ సంవత్సరం ఉగాదికి అట్ట మార్చాము. ఇలా రాశాము: "మరిగె. పసుపు కడిమి కర్ర. అంబాసముద్రం పనివాళ్ళు తాడు తరిమెన మీద చేసింది. 1940లలో యుద్ధకాలంలో మా అవ్వ కొన్నది. చింతపండుకు వాడింది. తమిళులు మరవై అంటారు, మనం మరిగె అంటాము."

పెద్దనాయన రానన్నారు. పచ్చడి పంచే వేళకు వచ్చారు. అట్ట చదివారు, తెలుగు చదవడం ఆయనకు మాకంటే బాగా వచ్చు. గిన్నె ఇవ్వమన్నారు. ముఖం దగ్గర పెట్టుకుని వాసన చూశారు. "ఇంకా పులుపు వాసన ఉంది" అన్నారు. అంతే. అట్ట గురించి మంచీ అనలేదు, చెడ్డా అనలేదు. ఆయన మనసు మారిందని మేము రాయము, మాకు తెలియదు కాబట్టి. గిన్నెను మాత్రం తుండుతో తుడిచి తానే గాజు పెట్టెలో పెట్టారు.

ఒక్క మాట మిగిలింది, అది అసలు మాట. వాగైకుళం పెద్దాయనను మళ్ళీ పోయి చూశాము, సంగతి చెప్పాలని. సంతోషపడ్డారు. "అట్లాంటిది ఇంకొకటి చేసి ఇవ్వండి, డబ్బు ఎంతైనా సరే" అని అడిగాము. ఆయన తల అడ్డంగా ఊపారు. ఆ కర్ర ఇప్పుడు రాదు. కనుమల అడవి 1988 నుంచి కళక్కాడు ముండంతురై పులుల అభయారణ్యం. అడవి కాపాడాలి, దాంట్లో తప్పు లేదు. కానీ ఇప్పుడు పట్టరైలలో తిరిగేది ఎక్కువగా యూకలిప్టస్, రబ్బరు కర్ర. చేతులు అవే, ఉలి అదే. కర్ర మారింది. ప్లాస్టిక్ చొప్పు సామాను తిరునాళ్ళలో కుప్పలుగా అమ్ముతున్నారు. ఆయన కొడుకులు ఈ పనిలో లేరు. ఆయన చేసి ఇచ్చింది రబ్బరు కర్ర గిన్నె. అందంగా ఉంది, లక్క పట్టీలు మా మరిగెవే. దాన్ని మేనత్తకు ఇచ్చి వచ్చాము, ఎనభై ఏండ్ల కింద పోగొట్టిన దానికి బదులు. "దెబ్బలు కొట్టవు కదా" అని నవ్వింది.

సంఘం సభ్యులను మేము మూడు కోరుతున్నాము.

మొదటిది. మీ ఇళ్ళలో మరిగెలు, కుంకుమ భరిణెలు, చెక్క తెడ్లు, కొలువులో పెట్టే లక్క సామాను ఏవి ఉన్నా పారవేయకండి. కర్ర ఏదో తెలుసుకోండి. దేశం నుంచి వచ్చిందని ముందే రాసుకోకండి. ఇక్కడిదైతే ఇక్కడిదని రాయండి, దాంట్లో చిన్నతనం లేదు.

రెండవది. ఇంట్లో ఉన్న పెద్ద ఆడవాళ్ళను అడగండి. మా మేనత్తలాగా అడిగేవాళ్ళు లేక ఊరుకున్నవాళ్ళు ప్రతి ఇంట్లో ఉన్నారు. ఈ దీపావళి లోపల అడగండి. ఆలస్యం చేస్తే అడగడానికి మనిషి ఉండరు.

మూడవది. సంఘం హాలు వెనక ఖాళీ స్థలం ఉంది. అక్కడ క్రోటన్ మొక్కలు పెడదామని పోయిన మీటింగులో అనుకున్నారు. వాటి బదులు నాలుగు అంకుడు మొక్కలు, ఒక పసుపు కడిమి పెడదాము. అంకుడు కొమ్మలు మనం బతికుండగానే కోతకు రావచ్చు. పసుపు కడిమి మాను కావడం మనం చూడము. ఐదు వందల ఏండ్లు చెక్క ఉంటుందా అని అడిగిన పిల్ల చూస్తుంది.

మొక్కల ఖర్చు మేము పెట్టుకుంటాము. నీళ్ళు పోసే వంతు మాత్రం అందరూ పంచుకోవాలి.